బాపు గడ్డలో ఏ మార్గం తెరుచుకుందో తెలియడానికి చేను అమ్మాలా?

హన్మకొండ నుంచి ఒక యువతి రాసిన పెద్ద ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమె బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేసి ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. ఇప్పుడు ఆరో నెల గర్భవతి. పరకాల వైపు పల్లెలో ఉండే తండ్రిని ఉత్తరమంతా బాపు అనే రాశారు. ఆయన పత్తి, మిర్చి వేసే రైతు, వయసు 56. ఆకలి తగ్గడం, నీరసం, కుడి డొక్కలో బరువు మొదలై, చివరికి హైదరాబాద్‌లో సీటీ స్కాన్ తీస్తే కాలేయ క్యాన్సర్ అన్నారు. గడ్డ పెద్దది. కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిర కొమ్మలోకి పాకింది కాబట్టి ఆపరేషన్ కుదరదన్నారు. ఆయనకు హెపటైటిస్ బి ఉందన్న సంగతి కూడా అప్పుడే బయటపడింది. కాలేయం పనితీరు మాత్రం ఇంకా బాగానే ఉందని, 'చైల్డ్ ఏ' అని, రిపోర్టులో ఉంది. డాక్టర్ రెండు మార్గాలు చెప్పారు: రోజూ మింగే మాత్రలు, లేదా మూడు వారాలకోసారి ఎక్కించే ఇంజెక్షన్లు.

ఈలోగా ఒక ల్యాబ్ మనిషి ఆమె అన్నను కలిసి, గడ్డలోని జన్యువులను చూసే జీన్ ప్యానెల్ టెస్ట్ చేయిస్తే ఏ 'పాత్‌వే', అంటే కణంలో కబురు నడిచే ఏ సంకేత మార్గం, చెడిపోయిందో తెలుస్తుంది, దానికి తగ్గ మందు ఇస్తారు అని చెప్పాడు. ఖర్చు లక్షకు పైనే. అన్న ఎకరం చేను అమ్ముదామంటున్నాడు. అమ్మ మాత్రం ఇదంతా తాగుడు వల్ల వచ్చిందని ఏడుస్తూ, పక్క ఊరి నుంచి పసరు తెప్పించి పొద్దున్నే పోస్తోంది. చెల్లెలి పెళ్లి మాఘంలో ఖాయమైంది. పిల్లలకు కూడా వస్తుందేమోనని పిల్లగాడి వాళ్లకు చెప్పాలా వద్దా అని గొడవ. బాపుకు మాత్రం 'లివర్‌ల చిన్న గడ్డ' అనే చెప్పారు.

ఆమె మాటల్లోనే: "ఈ సంకేత మార్గాలను బోర్డు మీద బొమ్మలు గీసి పిల్లలకు చెప్పిన దాన్ని. ఇప్పుడు రాత్రంతా అవే చదువుతున్నా. బీటా కెటెనిన్, ఎంటార్, మెట్, వీఈజీఎఫ్... ఏది పాడైందో తెలిస్తే బాపును కాపాడుకోవచ్చు కదా? టెస్ట్ వద్దంటే పైసలకు వెనకాడినట్టు అవుతుందా? చదువుకుని కూడా ఏం చేయలేకపోతున్నానని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు."

అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు భయాలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. ఏ మందు, ఏ టెస్ట్, పిల్లలకు వస్తుందా, బాపుకు చెప్పాలా. వీటన్నిటికీ జవాబు గడ్డ జన్యువుల్లోనే ఉందని మీకు అనిపిస్తోంది. మీ చదువు అటు లాగుతోంది, అది సహజం. కానీ ఈ వారం మీ ఇంట్లో తేల్చాల్సిన వాటిలో చాలా వాటికి జవాబు అక్కడ లేదు. అందుకే ముందుగా, మీరు పాఠంలో చెప్పే విషయమే అయినా, మంచం పక్కన నిలబడి చూస్తే అది ఎలా కనిపిస్తుందో చెప్తాను.

కాలేయ కణం తనంతట తాను విభజన చెందదు. బయటి నుంచి కబురు రావాలి. కణం పొర మీది గ్రాహకం ఆ కబురు అందుకుని రాస్ అనే ప్రోటీన్‌కు, అది రాఫ్‌కు, రాఫ్ మెక్‌కు, మెక్ ఎర్క్‌కు అందిస్తే చివరికి కేంద్రకంలో 'పెరుగు' అన్న ఆజ్ఞ పడుతుంది. మన చెరువు కింది పారకంలా అనుకోండి. తూము తెరిస్తే కాలువ, కాలువ నుంచి పిల్లకాలువ, అక్కడి నుంచి మడి. పని కాగానే నీరటి తూము మూసేస్తాడు. క్యాన్సర్ కణంలో తూము మూతపడదు, ఎవరూ తెరవకపోయినా నీళ్లు పారుతూనే ఉంటాయి. పైగా ఒక కాలువకు అడ్డుకట్ట వేస్తే నీళ్లు పక్క కాలువ వెతుక్కుంటాయి. కొన్ని నెలలు బాగా పనిచేసిన మాత్ర తర్వాత పనిచేయకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

కాలేయ క్యాన్సర్‌లో ఏ తూములు చెడుతాయో ఇప్పుడు చాలావరకు తెలుసు. టెర్ట్ జన్యువును నడిపే భాగంలో మార్పు సుమారు 60 శాతం గడ్డల్లో కనిపిస్తుంది. దాంతో కణానికి విభజనల హద్దు చెరిగిపోతుంది. బీటా కెటెనిన్ జన్యువులో మార్పు దాదాపు 30 శాతం గడ్డల్లో ఉంటుంది. హెపటైటిస్ బి వల్ల వచ్చిన వాటిలో బీటా కెటెనిన్ మార్పు కొంత తక్కువ, విభజనకు కళ్లెం వేసే పీ53 జన్యువు దెబ్బతినడం ఎక్కువ. మరి ఈ రెండు పెద్ద మార్పుల మీద, అంటే టెర్ట్ మీద గానీ బీటా కెటెనిన్ మీద గానీ, కాలేయ క్యాన్సర్‌కు ఆమోదం పొంది వాడుకలో ఉన్న మందు ఉందా? లేదు. లక్ష పెట్టి తెచ్చుకున్న రిపోర్టులో వీటి పేర్లే వచ్చే అవకాశం ఎక్కువ. వచ్చినా డాక్టర్ రాసే చీటీ మారదు.

మీరు రాత్రుళ్లు చదువుతున్న మిగతా పేర్ల చరిత్ర కూడా చెప్పాలి. ఎంటార్ మార్గం సగానికి దగ్గరగా గడ్డల్లో చురుకుగా ఉంటుందని తెలిశాక, దాన్ని ఆపే ఎవరోలిమస్‌ను 546 మంది రోగుల్లో పరీక్షించారు. ఫలితం 2014లో వచ్చింది. మందు తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 7.6 నెలలు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిది 7.3 నెలలు. మెట్ అనే గ్రాహకం విషయంలో ఇంకా జాగ్రత్తగా, గడ్డలో మెట్ ఎక్కువగా ఉన్నవాళ్లనే ఏరి టివాంటినిబ్ ఇచ్చారు. అంటే మీ అన్నకు ల్యాబ్ మనిషి చెప్పిన పద్ధతే. అదీ ఆయుష్షు పెంచలేదు. కాగితం మీద ఒక మార్గం వెలిగి కనిపించడం వేరు, దాన్ని మూస్తే మనిషి ఎక్కువ కాలం బతకడం వేరు. ఈ తేడా తెలియకుండా చేను బేరం పెట్టకండి.

ఇంకో సంగతి. మీ బాపుకు బయాప్సీ చేసినట్టు ఉత్తరంలో లేదు. సీటీ గుర్తులు స్పష్టంగా ఉంటే హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో బయాప్సీ లేకుండానే ఈ క్యాన్సర్‌ను నిర్ధారిస్తారు. జీన్ టెస్ట్‌కు గడ్డ ముక్క కావాలి. అంటే ఆ టెస్ట్ కోసమే కాలేయంలోకి సూది గుచ్చాలి, కొద్దిగానైనా రక్తస్రావం ప్రమాదం ఉంటుంది. రక్తంతోనే చేస్తామంటే, చికిత్స మారనప్పుడు ఎందుకన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది. రెండు మూడు మందులు విఫలమయ్యాక గానీ, ఏదైనా పరిశోధనలో చేరే అవకాశం వస్తే గానీ, లేదా ఇది మామూలు కాలేయ క్యాన్సరేనా అన్న అనుమానం డాక్టర్లకు ఉంటే గానీ ఆ టెస్ట్‌కు అర్థం ఉంటుంది. అప్పుడు వాళ్లే అడుగుతారు.

మీరు వెతుకుతున్న సంకేత మార్గం ఒకటి మీ చేతిలోని సీటీ ఫిల్ములోనే కనిపిస్తోంది. మామూలు కాలేయానికి ముప్పావు వంతు రక్తం పోర్టల్ సిర నుంచి వస్తుంది. ఈ గడ్డ మాత్రం ధమని రక్తం మీద బతుకుతుంది. వీఈజీఎఫ్ అనే సంకేతం పంపి కొత్త రక్తనాళాలు మొలిపించుకుంటుంది. స్కాన్ కోసం ఎక్కించిన రంగు మందు వల్ల ధమని దశలో గడ్డ మెరిసిందని రిపోర్టులో, తర్వాతి దశలో రంగు వెలిసిపోయిందని రాసి ఉంటుంది, చూడండి. డాక్టర్ చెప్పిన రెండు మార్గాలూ ముఖ్యంగా ఈ నాళాలను దెబ్బతీసేవే. అందుకే వాటికి జీన్ టెస్ట్ అవసరం లేదు.

మాత్రల్లో మొదటిది సోరాఫెనిబ్. రాఫ్‌ను, వీఈజీఎఫ్ గ్రాహకాలను కలిపి అడ్డుకుంటుంది. 2008లో వెలువడిన అధ్యయనంలో మధ్యస్థ ఆయుష్షును 7.9 నెలల నుంచి 10.7 నెలలకు పెంచింది. రెండోది లెన్వాటినిబ్, 2018లో దాదాపు సమానమని తేలింది: 13.6 నెలలు, సోరాఫెనిబ్‌తో 12.3. మధ్యస్థం అంటే సగం మంది అంతకంటే ఎక్కువ బతికారని, ఇంకో సగం మంది అంతకు ముందే వెళ్లిపోయారని. ఇది మీ బాపు గడువు కాదు. ఈ మాత్రల ధర గురించి మన దగ్గరి చరిత్ర ఒకటుంది. సోరాఫెనిబ్ ఒకప్పుడు నెలకు 2.8 లక్షల రూపాయలు. 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్ దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్సును, అంటే పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా మందు తయారుచేసే అనుమతిని, హైదరాబాద్‌కు చెందిన నాట్కో కంపెనీకి ఇస్తూ నెల మందును 8,800 రూపాయలకు అమ్మాలని చెప్పారు. అందువల్లే ఇవాళ ఒక పత్తి రైతు ఇంట్లో ఈ మాత్ర గురించి మాట్లాడుకోగలుగుతున్నాం. కష్టాలూ ఉంటాయి. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పగులుతాయి, విరేచనాలు అవుతాయి, బీపీ పెరుగుతుంది. లెన్వాటినిబ్‌తో బీపీ మరీ గమనించుకోవాలి, థైరాయిడ్ కూడా. పొలంలో చెప్పులు లేకుండా నడిచే మనిషి ఇక అలా నడవకూడదు.

ఇంజెక్షన్ల మార్గంలో రెండు మందులు కలిపి ఇస్తారు. బెవాసిజుమాబ్ వీఈజీఎఫ్‌ను పట్టేస్తుంది. అటెజోలిజుమాబ్, గడ్డ మన రోగనిరోధక కణాలను నిద్రపుచ్చే సంకేతాన్ని ఆపుతుంది. ఈ జంటతో మధ్యస్థ ఆయుష్షు 19.2 నెలలు, అదే అధ్యయనంలో సోరాఫెనిబ్‌తో 13.4. పరీక్షించింది మీ బాపులా కాలేయం ఇంకా బాగా పనిచేస్తున్నవాళ్లలోనే. కాబట్టి వైద్యం వరకే చూస్తే ఇది మెరుగైన మార్గం, దాచాల్సిన పని లేదు. అయితే మొదలుపెట్టే ముందు ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో ఉబ్బిన సిరలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే రక్తం కక్కే ప్రమాదం ఉంది కాబట్టి ముందు వాటికి చికిత్స చేస్తారు. ఖర్చు లక్షల్లో, అదీ మళ్లీ మళ్లీ. ఒక ఎకరం ఎన్ని డోసులకు సరిపోతుందో ముందే లెక్కేయండి. రెండు డోసుల తర్వాత డబ్బులు అయిపోయి ఆపేసే పరిస్థితి వస్తే, మొదటి రోజు నుంచి మాత్రలు క్రమంగా వేసుకోవడమే నయం. ఆరోగ్యశ్రీలో ఏది వస్తుంది, కంపెనీ సహాయ పథకం ఉందా అని ఆసుపత్రి కౌంటర్‌లో అడిగి రాయించుకోండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ నిమ్స్‌లో గానీ ఆ రిపోర్టులతోనే రెండో అభిప్రాయం తీసుకోవచ్చు.

మూడో మార్గం గురించి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. గడ్డ మీద మందు ఏదీ వాడకుండా నొప్పి, నిద్ర, ఆకలి, కడుపులో నీరు, వీటినే చూసుకునే పాలియేటివ్ కేర్. ఇవాళ్టి పరిస్థితిలో నేను దాన్ని మొదట పెట్టను, ఆయన కాలేయంలో ఇంకా బలముంది. కానీ అది కూడా వైద్యమే. ఏ మార్గం ఎంచుకున్నా దాంతోపాటు మొదటి నుంచే తీసుకోవచ్చు.

మాత్రలైనా ఇంజెక్షన్లయినా ఒకటి తప్పనిసరి: హెపటైటిస్ బి వైరస్‌కు మందు. టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్, రోజుకొక మాత్ర. క్యాన్సర్ చికిత్స సమయంలో వైరస్ విజృంభిస్తే ఇప్పుడున్న 'చైల్డ్ ఏ' కాస్తా 'సి'కి జారవచ్చు, అప్పుడు ఏ క్యాన్సర్ మందూ ఇవ్వలేరు. మీ ఉత్తరంలో నాలుగు పేజీల సంకేత మార్గాలు ఉన్నాయి, ఈ మాత్ర పేరు ఒక్కచోట కూడా లేదు. రాసి ఉన్నారో లేదో చీటీ తీసి చూడండి. లేకపోతే రేపే అడగండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో వాకబు చేయండి.

ఇక అమ్మ మాట. తాగుడు కాలేయాన్ని పాడుచేస్తుంది, నిజమే, ఇకపై కల్లు కూడా వద్దు. కానీ ఇక్కడ ప్రధాన కారణం వైరస్. బహుశా పసితనంలోనే, తన తల్లి నుంచో ఇంట్లో ఇంకెవరి నుంచో చేరి ఉంటుంది. దశాబ్దాలుగా అది కాలేయ కణాల డీఎన్ఏలో తన ముక్కలు దూరుస్తుంది, చాలాసార్లు ఆ టెర్ట్ జన్యువు పక్కనే. వైరస్ వల్ల వచ్చే వాపు ఐఎల్-6 లాంటి సంకేతాలను ఏళ్ల తరబడి ఆన్‌లో ఉంచుతుంది. ఆయనకు ఏ బాధా తెలియకుండానే ఇదంతా జరిగింది. దీన్ని అమ్మకు నెమ్మదిగా చెప్పండి. కోపం కొంత తగ్గుతుంది, బాపు తలవంచుకుని కూర్చోవడమూ తగ్గుతుంది.

పసరు మాత్రం ఆపాలి. అందులో ఏ ఆకు ఉందో ఎవరికీ తెలియదు. కాలేయాన్ని దెబ్బతీసే మూలికలు ఉన్నాయి. రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు పెరిగితే మందు వల్లా, వైరస్ వల్లా, పసరు వల్లా అని డాక్టర్ తేల్చలేక అసలు మందునే ఆపేస్తారు. ఊరికే వద్దంటే అమ్మ చాటుగా పోస్తుంది. ఆమెకు వేరే పని అప్పగించండి. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గకుండా చూడడం, రాత్రి పడుకునే ముందు కొంచెం తినిపించడం, వారం వారం బరువు రాయడం. కామెర్ల పథ్యం పేరుతో చప్పిడి మెతుకులే పెడితే కండ కరిగిపోతుంది. కాళ్ల వాపు, కడుపులో నీరు వస్తే ఉప్పు తగ్గించాలి. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు తేవద్దు. ఇంట్లో అందరికీ వర్తించేది ఇంకొకటి: బూజు పట్టిన మక్కలు, పల్లికాయ పారేయండి. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్, హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో క్యాన్సర్ ప్రమాదాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది.

పిల్లలకు వస్తుందా అన్న భయం దగ్గరికి వద్దాం. గడ్డలోని జన్యు మార్పులు ఆ గడ్డలోనే పుట్టినవి, బాపు బతుకులో మధ్యలో వచ్చినవి. అవి మీకూ మీ చెల్లెలికీ వారసత్వంగా రావు. కుటుంబంలో తిరగగలిగేది వైరస్. లక్ష టెస్ట్ పక్కన పెట్టి, హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే చవకైన హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్ష అమ్మకు, అన్నకు, చెల్లెలికి, మీ చిన్నాయనలకు, మేనత్తలకు చేయించండి. మేనత్తలను మరచిపోవద్దు, వైరస్ నాయనమ్మ నుంచి వచ్చి ఉంటే వాళ్లకూ ఉండొచ్చు. లేదని తేలినవాళ్లు, రక్షణ కూడా లేకపోతే, 0, 1, 6 నెలల లెక్కన మూడు డోసుల టీకా వేయించుకుంటే చాలు. ఉందని తేలినవాళ్లు వైరస్ లోడు (రక్తంలో వైరస్ ఎంత ఉందో) చూపించుకుని, అవసరమైతే మందు మొదలుపెట్టి, డాక్టర్ చెప్పినట్టు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. బాపుకు ఆ అల్ట్రాసౌండ్ ఎవరూ చేయలేదు. చిన్నాయనకైనా చేయిస్తే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది. కలిసి తినడం, ఎత్తుకోవడం, పక్కన పడుకోవడం వల్ల ఇది అంటదు. బాపుకు వేరే కంచం పెట్టొద్దు. బ్లేడు, టూత్ బ్రష్ మాత్రం ఎవరివి వారికే ఉండాలి.

మీ విషయం. గర్భిణులకు చేసే పరీక్షల్లో హెచ్‌బీఎస్ఏజీ ఉంటుంది. మీ ఫైల్లో ఇప్పటికే ఉండొచ్చు, ఈ రోజే చూడండి. నెగెటివ్ అయితే మీ బిడ్డకు మామూలుగా పుట్టినప్పుడు వేసే టీకా సరిపోతుంది. పాజిటివ్ అయితే ఆరో నెలలో ఉన్నారు కాబట్టి సమయం చేతిలో ఉంది. వైరస్ లోడు మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే 28వ వారం నుంచి టెనోఫోవిర్ ఇస్తారు. బిడ్డకు 24 గంటల్లోపు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను ఆపే యాంటీబాడీల ఇంజెక్షన్) ఇస్తే దాదాపుగా అంటకుండా ఆపవచ్చు. ఆ ఇంజెక్షన్ కాన్పు జరిగే ఆసుపత్రిలో ముందే ఉంచమని చెప్పాలి. అప్పటికప్పుడు వెతికితే దొరకకపోవచ్చు.

చెల్లెలి పెళ్లి. పరీక్ష నెగెటివ్ అయితే ఆమె గురించి చెప్పాల్సింది ఏమీ లేదు, బాపు జబ్బు సంగతి మాత్రమే మిగులుతుంది. దాచితే మాఘం దాకా దాగదు. పరకాల బస్సులో ఒకరికి తెలిస్తే అవతలి ఊరికి తెలిసినట్టే. అప్పుడు అబద్ధం చెప్పారన్న మాట చెల్లెలి మీద పడుతుంది. ముందే చెప్తే సంబంధం కదలవచ్చు, ఆ ప్రమాదం ఉంది. కానీ ఇది వారసత్వం కాదని రిపోర్టు చేతిలో పెట్టుకుని మీరు చెప్తే వినేవాళ్లు కూడా ఉంటారు, కొందరు ముహూర్తం ముందుకు జరుపుదామనీ అంటారు. పరీక్ష పాజిటివ్ వస్తే లెక్క మారుతుంది. అప్పుడు పిల్లగాడికి చెప్పడం తప్పనిసరి, అది అతని ఆరోగ్యం. అతను టీకా వేయించుకుని రక్షణ వచ్చిందని చూసుకుంటే పెళ్లికీ పిల్లలకూ ఆటంకం లేదు. అయితే అతనికి చెప్పాల్సింది చెల్లెలు. ఆమె ఒప్పుకోకుండా అన్న ఫోన్ చేసి చెప్పడం సరికాదు.

చివరగా బాపు. అరచేతులు పగిలే మాత్రలు మింగుతూ, మూడు వారాలకోసారి హైదరాబాద్ వెళ్తూ, 'చిన్న గడ్డ' అన్న మాటను ఆయన ఎన్ని రోజులు నమ్ముతారు? బహుశా ఇప్పటికే సగం అర్థమై ఉంటుంది, మీరు ఏడుస్తారని అడగడం లేదేమో. అంతా ఒకేసారి చెప్పక్కర్లేదు. "బాపూ, డాక్టర్ చెప్పింది నీకు ఎంత వరకు తెలుసుకోవాలని ఉంది?" అని అడగండి. కొందరు "నువ్వు చూసుకో బిడ్డా" అంటారు, అదీ ఒక జవాబే, దాన్ని గౌరవించండి. వివరంగా అడిగితే మాత్రం క్యాన్సర్ అన్న మాట, పూర్తిగా పోదన్న మాట, నొప్పి లేకుండా చూసుకుంటామన్న మాట, మూడూ చెప్పండి. చెప్పకపోతే ఆయనకు ఇష్టం లేని చికిత్సకు ఆయన చేను అమ్మినవాళ్లవుతారు. చెప్తే కొన్ని రోజులు ఇల్లు కుదుటపడదు, కానీ పెళ్లి ఎప్పుడు, చేను ఎవరికి, ఏ మందు, వీటి మీద ఆయన మాట చెల్లుతుంది.

మీరు చదివిన చదువు ఏమీ చేయలేకపోవడం లేదమ్మా. ఎండోస్కోపీ ఎప్పుడు, టెనోఫోవిర్ రాశారా, ఆరోగ్యశ్రీలో ఏది వస్తుంది అని డాక్టర్‌ను అడగగలిగేది మీ ఇంట్లో మీరొక్కరే. ఆ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని, ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు అన్నను కూడా లోపలికి తీసుకెళ్లండి. జీన్ టెస్ట్ వల్ల మందు మారుతుందా అని అన్ననే నేరుగా డాక్టర్‌ను అడగనివ్వండి. చేను పట్టా ఎవరి పేరు మీద ఉందో మీరు రాయలేదు. బాపు పేరు మీదే ఉంటే, ఆయన్ను అడగకుండా కొనేవాళ్లతో మాట్లాడవద్దని అన్నకు ఇవాళే చెప్పండి.